చుక్క యెక్కడ పడినది?



గడచిన సంక్రాంతి పండుగకు రాజమహేంద్రవరములోని మా యింట పిల్లలందరును గూడిరి. భోగినాటి రాత్రి భోజనములైన పిదప, పూర్వమైనచో పచ్చీసో అష్టాచెమ్మో ఆడుకొనవలసిన వేళ, మా అబ్బాయి ల్యాపుటాపు తెచ్చి చాపమీద పెట్టి, "ఇందులో మన రాజకీయాభిప్రాయాలేమిటో తేలిపోతాయి. అందరూ వ్రాయవలసిందే" అని ప్రకటించెను. అరువదేండ్లు దాటినదాననగుటచే పరీక్షయన్న మాటకు భయపడు వయస్సు నాకు గడచిపోయినది. నవ్వుకొనుచు నేనును కూర్చుంటిని. ఆ నవ్వులాట మూడుదినములలో వాదమై, కన్నీరై, తుదకు మా సంసారమున నొక నిర్ణయమై ముగియునని నేనప్పు డెరుగను. ఆ సంగతి మీతో చెప్పుకొనదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ పరీక్షపేరు పొలిటికల్ కంపాస్. అనగా రాజకీయపు దిక్సూచి. బ్రిటనుదేశమున బుట్టి 2001వ సంవత్సరము మొదలు అంతర్జాలమున నున్నది. అందు 62 వాక్యములుండును. ఒక్కొక్కదానికి నాలుగే సమాధానములు: గట్టిగా ఒప్పుకొందును, ఒప్పుకొందును, ఒప్పుకొనను, ఎంతమాత్రము ఒప్పుకొనను. "తెలియదు" అనుటకు వీలులేదు. అన్నియు పూర్తియైనతోడనే నాలుగు గడుల పటమొకటి కనబడి, అందొక యెర్రచుక్క పడును. అడ్డుగీటు ఆర్థికవిషయములకు సంబంధించినది. సంపదను సమాజము పూనుకొని పంచవలెననువారు ఎడమకును, వ్యాపారమును దాని మానాన విడువవలెననువారు కుడికిని జరుగుదురు. నిలువుగీటు సాంఘికవిషయములది. అధికారమునకును కట్టుబాటునకును లోబడుట మేలనువారు పైకిని, ఎవరి బ్రతుకు వారి యిష్టమనువారు క్రిందికిని పోవుదురు. ప్రతి గీటుమీదను సున్నకు అటు పది, ఇటు పది అంకెలు గలవు.

ఈ యెడమ కుడి యను మాటల పుట్టుకను గూర్చి మా అబ్బాయి చెప్పినది నాకు వినోదముగా నుండెను. 1789లో ఫ్రాన్సుదేశపు జాతీయసభయందు, శాసనములను త్రోసిపుచ్చు నధికారము రాజునకు ఉండవచ్చునా యని చర్చ జరిగెను. ఉండవలెననువారు అధ్యక్షుని కుడిప్రక్కను, కూడదనువారు ఎడమప్రక్కను కూర్చుండిరి. నాడు కూర్చున్న వరుసనుబట్టియే నేటికిని మనము మనుష్యులను వామపక్షమనియు దక్షిణపక్షమనియు విభజించుచున్నాము. ఆ సభలో స్త్రీల కొక్క ఆసనమైనను లేదన్న సంగతి వేరు! ఒక్క గీటు చాలదని తోచి, 1954లో ఐసెంక్ అను మనశ్శాస్త్రజ్ఞుడును, 1971లో అమెరికాలో డేవిడ్ నోలన్ అనునాతడును రెండు గీటుల పటములను ప్రకటించిరి. ఇప్పటి పరీక్ష ఆ వంశములోనిదే.

మొదట మావారు వ్రాసిరి. ఉద్యోగము నుండి విరమించిన నాటినుండి ఆయనకు వార్తాపత్రికయే వేదము. ఒక్క నిమిషమైనను తడుముకొనక అరువదిరెండింటికిని సమాధానము లిచ్చిరి. చుక్క ఎడమవైపు క్రింది గడిలో పడినది. ఆ పరీక్ష నడపువారు మహాత్మాగాంధీని గూడ ఆ గడియందే కూర్చుండబెట్టియుండుటచే ఆయన యానందమునకు మేరలేకపోయెను. తరువాత నా వంతు. ల్యాపుటాపు ఆయన ఒడిలోనే యున్నది. ఆయన చదువుచుండిరి, నేను ఊకొట్టుచుంటిని, ఆయన నొక్కుచుండిరి. కొన్నిటికి నేను ఊకొట్టకమునుపే నొక్కిరని యిప్పుడు జ్ఞప్తికి వచ్చుచున్నది. నా చుక్క ఆయన చుక్కకు వ్రేలెడు దూరములో పడినది. "చూశారా! ముప్పైయారేళ్ల కాపురం! ఒకే మాట, ఒకే బాట!" అని ఆయన అందరివైపును చూచిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

మా అబ్బాయి చుక్క నడుమకు కొంచెము కుడిగా పడెను. జర్మనీలో చదువుకొనుచు పండుగకు వచ్చిన మా చెల్లెలి కుమార్తె చుక్క చాల క్రిందికి పోయెను. మా కోడలు మాత్రము ఏడాదిన్నర పాపను భుజముమీద వేసికొని ఒక మూల కూర్చుండి, తన ఫోనులో తానే వ్రాసికొనెను. "నీదెక్కడ పడిందమ్మా?" అని మావారడుగగా, "తర్వాత చూపిస్తానండీ మామయ్యగారూ" అని ఫోను మూసివేసెను. పాప నిద్రకు వచ్చినదని లోనికి వెళ్లెను. ఎవరును దానిని పట్టించుకొనలేదు.

ఇక మిగిలినవారు మా అత్తగారు. ఆమెకు ఎనుబదియైదేండ్లు. ఆంగ్లము రాదు గనుక వాక్యములను నేను తెనిగించి చదివితిని. ప్రతిదానికిని ఆమె "అవునమ్మా" అనియే సమాధానము. ఉన్న వ్యవస్థతో సర్దుకొనిపోవుట వివేకమునకు గురుతా యని యడిగితిని. "అవునమ్మా" అనిరి. అధికారము చలాయించు ప్రతివారిని ప్రశ్నింపవలసినదేనా యని కొంతసేపటికి అడిగితిని. దానికిని "అవునమ్మా" యే. మా అబ్బాయి పకపక నవ్వెను. మా చెల్లెలి కూతురు మాత్రము నవ్వక, "పెద్దమ్మా, నువ్వు లే. నేను అడుగుతాను" అని ఆమెను ప్రక్కగదిలోనికి తీసికొనిపోయి, తలుపు దగ్గరగా వేసి, అవే వాక్యములను మరియొక విధముగా, కొన్నిటిని తలక్రిందులుగా మార్చి యడిగెను. అరగంటకు బయటికి వచ్చి, "మామ్మగారు సగానికి పైగా కాదన్నారు" అని చెప్పెను.

"నేనడిగినప్పుడు అన్నిటికీ అవునన్నారేమిటి అత్తయ్యగారూ?" అని నేను కొంత నొచ్చుకొని యడిగితిని. ఆమె తాపీగా ఇట్లనిరి: "నేను ఈ ఇంటికొచ్చి అరవైయైదేళ్లయింది, అమ్మాయీ. అవునంటే అక్కడితో అయిపోతుంది. కాదంటే, ఎందుకు కాదో పదిమందికి చెప్పుకోవాలి." మరల కొంచెము ఆగి, "అయినా ఓటు మిషను మీదైనా ఎవరూ వద్దనే మీట ఉంది. దీనికి అదీ లేదేమిటి?" అనిరి. మన ఎన్నికల యంత్రములమీద ఆ మీట 2013 నుండి యున్నది. పరీక్ష చేసినవారికి తట్టని లోపము ఆమెకు తట్టినది.

ఈ "అవునమ్మా" వ్యాధి మా అత్తగారికే పరిమితమైనది కాదు. 1950లో అమెరికాలో అడార్నో మొదలగు పండితులు మనుష్యుల అధికారప్రీతిని కొలుచుట కొక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందలి వాక్యము లన్నియు ఒకే దిక్కుగా మలచబడినవి. ఒప్పుకొన్నకొలది అధికారప్రీతి యెక్కువ యని లెక్క. తరువాత వచ్చిన విమర్శకులు, ఇది అధికారప్రీతిని కొలిచినదో, ఎదుటివారు చెప్పినదానికెల్ల తలయూచు నలవాటును కొలిచినదో చెప్పలేమనిరి. ఎవరు అడుగుచున్నారు, ఏ గొంతుతో అడుగుచున్నారు, ఎవరు వినుచున్నారు, అనునవి సమాధానమును మార్చివేయును. ఆ రాత్రి ఈ మాట మా అత్తగారి విషయమున మాత్రమే నాకు తోచినది. నా ఊకొట్టుట నాకింకను గుర్తునకు రాలేదు.

మరునాడు పెద్దపండుగ. ఉదయము వంటింట గుమ్మడికాయ తరుగుచుండగా మా చెల్లెలి కూతురు మావారితో వాదమునకు దిగెను. ఆ పరీక్షలో, తల్లులు ఉద్యోగము చేసినను చేయవచ్చును గాని వారి మొదటి ధర్మము ఇల్లు చూచుకొనుటయే యను భావముగల వాక్య మొకటి కలదు. మావారు దానికి ఒప్పుకొందు ననియే నొక్కియుండిరి. "పెదనాన్నా, మీరు స్వేచ్ఛావాదుల గడిలో ఉన్నారు కదా, ఇదేమిటి?" అని ఆ పిల్ల యడిగెను. "అది రాజకీయం, ఇది సంసారం. రెంటికీ ముడిపెట్టకు" అని ఆయన నవ్వుచు సమాధాన మిచ్చిరి. "నేనూ ఒప్పుకున్నాను. తప్పేముంది?" అని నేనును వంత పాడితిని. మా అబ్బాయియు "పాప బడికెళ్లేదాకా అంతే కదా" అనెను.

అంతవరకు పాపకు పాలు పట్టుచున్న మా కోడలు తలయెత్తి, "నేను ఎంతమాత్రం ఒప్పుకోనని పెట్టాను" అనెను. ఆ కంఠస్వరములో నేదో తేడా యుండుటచే కత్తిపీటవద్ద నా చేయి ఆగినది. కాన్పునకు ముందు ఆమె హైదరాబాదులో మంచి యుద్యోగము చేసి, పాప పుట్టగానే మానివేసినది. మరల రమ్మని వేరొక కార్యాలయమునుండి రెండునెలల క్రిందటనే ఉత్తరము వచ్చినదట. జవాబు చెప్పవలసిన గడువు దగ్గరపడుచున్నదట. "నాతో ఒక్కమాటైనా అనలేదేం?" అని మా అబ్బాయి విస్తుపోయెను. "పాప బడికెళ్లేదాకా ఆగుతుందిలే అని మీరూ మామయ్యగారూ నా ఎదుటే మాట్లాడుకున్నారు. నన్నెవరైనా అడిగితే కదా అనడానికి" అని ఆమె కన్నీరు తుడుచుకొనెను. ఆ సంభాషణ జరిగిననాడు నేనును అచ్చటనే యున్నాను. ఆమె మౌనమును నేను సమ్మతిగా తెనిగించుకొంటిని. మా అత్తగారికి ప్రశ్నలు తెనిగించినంత సులభముగా!

ఇంతలో మా అత్తగారు, "నిన్న రాత్రి నేనూ దానికి కాదనే చెప్పాను" అనిరి. అందరమును ఆమెవైపు తిరిగితిమి. ఆమె వివాహమునకు ముందు 1959లో ఉపాధ్యాయశిక్షణ ముగించి, ఒక పల్లెటూరి బడిలో కొలది నెలలు పాఠములు చెప్పిరట. పెండ్లితో అది ముగిసినది. ఆ శిక్షణపత్రము నేటికిని ఆమె ట్రంకుపెట్టె అడుగున పట్టుచీరల క్రింద నున్నదట. ముప్పదియారేండ్లు ఆమెతో కాపురము చేసిన నాకుగాని, ఆమె కడుపున బుట్టిన మావారికిగాని ఈ సంగతి తెలియదు. "ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అని ఆయన అడిగిరి. "ఎవరడిగారు నాయనా?" అని ఆమె అనిరి. ఒకే వంటింట రెండు తరముల స్త్రీలు అరగంటలో అదే మాట అనుట విని నేను తల వంచుకొంటిని.

ఇచ్చట నా సంగతియు చెప్పవలెను. నేను ముప్పదియేండ్లు తపాలా కార్యాలయమున పనిచేసి విరమించినదానను. అట్టి నేను, తల్లి మొదటి ధర్మము ఇల్లే యని యొప్పుకొంటిని. జీవితమంతయు ఇంటనే గడపిన మా అత్తగారు కాదనిరి. నేను అట్లు చెప్పుటకు కారణ మేమనగా, మా అబ్బాయికి నాలుగేండ్లప్పుడు విషజ్వరము వచ్చి మూలుగుచుండగా, సెలవు దొరకక నేను పనికి పోతిని. ఆ దినము నన్నింకను విడువలేదు. ఆమె కాదనుటకు కారణము ట్రంకుపెట్టె అడుగున నున్న కాగితము. నా యొప్పుకోలు పశ్చాత్తాపమునుండియు, ఆమె నిరాకరణము కోరికనుండియు పుట్టినవి. పరీక్షకు ఇవి రెండును అంకెలు మాత్రమే. మావారును నేనును ఒకే సమాధాన మిచ్చితిమి. కాని ఆయనది అలవాటు, నాది గాయము. రెండు చుక్కలు దగ్గరగా పడినంతమాత్రమున రెండు మనస్సులు దగ్గరగా నున్నవని చెప్పుటకు వీలులేదు.

ఆ రాత్రి అందరును నిద్రించిన పిదప నేనొక్కతెను కూర్చుండి, నిఘంటువును దగ్గర పెట్టుకొని, ఆ పరీక్షను మరల వ్రాసితిని. రెండుగంటలు పట్టినది. చుక్క కదలినది! నేను స్వేచ్ఛ వైపు ఇంకను జరుగుదునేమో యని యాశపడితిని. అట్లు గాలేదు. అది పైకి, అనగా అధికారవాదము వైపునకు, నడిమిగీటును దాటిపోయెను. ఎందువలననో యని వెనుకకు పోయి చూచుకొంటిని. మత్తుపదార్థమును సొంతవాడుకకు దగ్గర నుంచుకొనుట నేరము గాకూడదను వాక్యమునకు నేను ఎంతమాత్రము ఒప్పుకొననని పెట్టితిని. అట్టివి మరికొన్ని యున్నవి. సారా, మత్తు అనగానే నాకు నెల్లూరుజిల్లా దూబగుంట జ్ఞప్తికి వచ్చును. అక్షరాస్యత యుద్యమపు రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొన్న పేద స్త్రీలు సారా పాటలను అడ్డగించి, దుకాణములు మూయించిరి. 1992 నాటికి ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించినది. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను.

ఇప్పుడు చెప్పుడు: ఆ దూబగుంట స్త్రీల చుక్క ఎక్కడ పడవలెను? ప్రభుత్వము మద్యమును నిషేధింపవలెనని కోరినారు గనుక పటములో పైకి పోవుదురు. కాని గుత్తేదారులకును వారికి అండయైన అధికారులకును ఎదురునిలిచినవారిని అధికారప్రియులనుట యెట్లు? సాయంకాలము దెబ్బలు తినకుండ, కూలిడబ్బు ఇంటికి చేరునట్లు బ్రతుకుట వారికి స్వేచ్ఛ. త్రాగువాని స్వేచ్ఛయు, వాని భార్య స్వేచ్ఛయు ఒకే గీటుమీద ఎదురెదురు దిక్కుల నున్నప్పుడు ఆ గీటు ఏమి చెప్పగలదు? నా చుక్క పైకి పోయినందుకు నేను సిగ్గుపడలేదు. కాని ఆ పటము మన యిండ్లను చూచి గీయబడినది కాదని తెలిసికొంటిని.

మరియొక లోటును మా చెల్లెలి కూతురు చూపెను. అరువదిరెండు వాక్యములలో కులమను మాటయే లేదు. జాతిని గూర్చి కలదు, జ్యోతిషమును గూర్చి కలదు, పిల్లలను దండించుటను గూర్చి కలదు. కులము మాత్రము లేదు. ఎవరి పిల్లను ఎవరికిత్తుము, పనిమనిషికి ఏ గ్లాసులో కాఫీ పోయుదుము అను ప్రశ్నలు లేకుండ మన దేశమున నొకరి రాజకీయాభిప్రాయమును తేల్చుట, ఉప్పులేక పప్పు వండుటవంటిది. 1983లో మన రాష్ట్రమున రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినప్పుడు మా వీధిలో దానిని మెచ్చినవారందరును సమానత్వవాదులు కారు. తిట్టినవారిలో కొందరికి ఖజానా దిగులైతే, కొందరికి కూలిరేటు పెరుగునను దిగులు. పరదేశమునందలి ప్రశ్నలకు మనము సమాధానము చెప్పినప్పుడు, మన ముఖము వారి యద్దములో కొంత వంకరగా కనబడుట సహజము.

అయినను ఆ పరీక్షను నేను తీసిపారవేయజాలను. ఎందుకనగా, స్త్రీకి తనదైన అభిప్రాయ మొకటి యుండునని, దానిని ఆమెనే అడుగవలెనని లోకము ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది. చెన్నపురి రాజధానిలో 1921లో స్త్రీలకు వోటు వచ్చినది గాని, ఆస్తియో పన్నో యున్నవారికే. తమపేర ఆస్తిగల స్త్రీలెందరు? 1935 నాటి చట్టము మరికొందరు స్త్రీలకు వోటిచ్చినది. అందు పలువురికి వచ్చిన యర్హత భర్తకు ఆస్తి యుండుటయే. స్వతంత్రభారతమున వయోజనులందరికిని వోటు వచ్చి, 1951-52లో మొదటి సార్వత్రికమైన యెన్నికలు జరిగినప్పుడు, జాబితాలలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని మాత్రమే వ్రాయించుకొనిరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు దాని కంగీకరింపలేదు. సుమారు 8 కోట్ల స్త్రీలలో, పేరు చెప్పని 28 లక్షలమందిని జాబితానుండి తొలగింపవలసివచ్చినది. వారిలో హెచ్చుమంది ఉత్తరాదివారు.

ఈ కథను మా అత్తగారికి చెప్పగా ఆమె నవ్వి, "నాకు పేరుంది. 1962లో మొదటి ఓటు వేశాను. కాని ఎవరికి వెయ్యాలో మామగారు బయలుదేరేముందు చెప్పారు" అనిరి. "ఆయన చెప్పినవారికే వేశారా?" అని నేను అడిగితిని. ఆమె కండ్లలో నొక చిలిపి మెరపు మెరసెను. "అది రహస్య ఓటు కదమ్మా" అనిరి. అంతకుమించి చెప్పలేదు. నేను మాత్రము అరువదేండ్లు దాటియు, చదువుకొనియు, ఉద్యోగము చేసియు, భోగినాటి రాత్రి నా సమాధానములను నా భర్త వ్రేలితో నొక్కించుకొంటిని. పేరు చెప్పని ఆ 28 లక్షలమందిని చూచి జాలిపడు నధికారము నాకెక్కడిది?

మా చెల్లెలి కూతురు జర్మనీదేశపు పద్ధతిని గూర్చి చెప్పినది. అచ్చట 2002 నుండి వాల్-ఓ-మాట్ అను పరీక్ష కలదు. ఆ దేశపు ప్రభుత్వము పౌరవిద్య కొరకు నెలకొల్పిన సంస్థయే దానిని నడపుచున్నది. హాలెండులో 1989లో పుస్తకరూపమున వచ్చిన యట్టిదొకటి దానికి మాతృక. జర్మనీ పార్లమెంటు ఎన్నికలకు ముందు 38 వాక్యములిత్తురు. అంగీకారము, నిరాకరణము, తటస్థము అను మూడు సమాధానములును గలవు, ఇష్టములేనిచో దాటిపోవచ్చును, తనకు ముఖ్యమని తోచినదానికి రెట్టింపు విలువ యీయవచ్చును. ఆ వాక్యములకే రాజకీయపక్షములును సమాధానములిచ్చి, ఎందుకట్లు చెప్పితిమో కారణములు వ్రాసి యుంచును. తన సమాధానము ఏ పక్షమునకు దగ్గరో చూచుకొని, వారి కారణములను చదువవచ్చును. అది విని నాకు తోచినదేమనగా, చుక్కకంటె కారణములే విలువైనవి. మనుష్యునికి చుక్క పెట్టి వదలివేయు పరీక్ష జాతకమువంటిది. కారణము చెప్పించు పరీక్ష బడివంటిది.

కనుమనాడు మావారే మా కోడలిని పిలిచి, "ఆ ఉద్యోగం సంగతేమిటో చెప్పమ్మా" అని యడిగిరి. ఆమె చెప్పినది. ఎంత జీతము, ఎంత దూరము, వారమున ఎన్నిదినములు ఇంటినుండియే పనిచేయవచ్చును, అన్నియు వివరించినది. మా అబ్బాయి పాపను శిశుసంరక్షణాలయమున చేర్పించుటకు సందేహించెను. అప్పుడు మా అత్తగారు నావైపు తిరిగి, "అమ్మాయీ, నువ్వు తపాలా ఆఫీసుకి వెళ్లినన్నాళ్లూ నీ పిల్లవాణ్ణి నేను చూసుకున్నాను. జ్వరం వచ్చిననాడు కూడా వాడు నా ఒళ్లోనే ఉన్నాడు" అనిరి. మరొక్కమాట యనలేదు. ఆమె నన్ను దెప్పలేదు. నా పశ్చాత్తాపము సగము తప్పుడు లెక్కయనియు, ఆ దినము బిడ్డడు దిక్కులేక యుండలేదనియు, ఆ ఋణమును ఎట్లు తీర్చవలెనో యనియు ఒక్కమాటలో చెప్పిరి.

మాఘమాసమున మా కోడలు ఉద్యోగమున చేరినది. పాప యలవాటుపడువరకు నేను హైదరాబాదున నుండి, ఉదయము ఆమెను సంరక్షణాలయమున దింపి, మధ్యాహ్నము తెచ్చుకొనుచున్నాను. రాజమహేంద్రవరమున మావారు తల్లికి కాఫీ కాచియిచ్చుచున్నారు; కూరలు మాత్రము వండెడి ఆమె వచ్చి చేసిపోవుచున్నది. అన్నియు చక్కబడినవని నేను చెప్పను. పాప ఉదయము ఏడ్చిన దినము మా కోడలి ముఖము చూడలేను. మా అబ్బాయికి ఇంకను సందేహము పోలేదు. మావారు ఈమధ్య ఆ పరీక్షను మరల వ్రాసిరట. "చుక్క ఉన్నచోటే ఉంది" అని ఫోనులో గర్వముగా చెప్పిరి. "ఆ తల్లుల ప్రశ్నకో?" అని యడిగితిని. కొంచెముసేపు మాటలేదు. "దానికి తెలియదనే వీలుంటే బాగుండును" అనిరి. ముప్పదియారేండ్లలో ఆయన నోట "తెలియదు" అను మాట వినుట నా కదే మొదటిసారి.

సోదరీమణులారా, మీ యిండ్లలోను పిల్లలు ఇట్టి పరీక్షలు తెత్తురు. కాదనకుడు, వ్రాయుడు. కాని ఒంటరిగా కూర్చుండి, మీ వ్రేలితోనే నొక్కుడు. చుక్క ఎక్కడ పడినదని ఒకరినొకరు ఎగతాళి చేసికొనుటకు మారుగా, ఏ వాక్యమువద్ద మీ చేయి ఆగినదో, ఎందుకాగినదో చెప్పుకొనుడు. ముఖ్యముగా, మీ యింట అన్నిటికిని "అవునమ్మా" అనువా రెవరైన నున్నచో, తలుపు దగ్గరగా వేసి, వారి ప్రక్కను కూర్చుండి, మరల నొకసారి అడుగుడు. వారి ట్రంకుపెట్టె అడుగున ఏ కాగితమున్నదో మనకేమి తెలియును?